దీపం వెలిగించనన్న స్నేహితురాలు

ప్రశ్న: మేడమ్, నేను హన్మకొండలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్ కల్చరల్ కమిటీలో సభ్యురాలిని. ఈ ఏడాది సర్వమత సమ్మేళనం చేద్దామని నేనే అన్నాను. వచ్చే నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి సభ, రెండింటికి భోజనాలు. వేదిక మీద పంతులుగారు, మౌలానా, పాస్టర్ ఉంటారు. సరస్వతి ఫోటో ముందు మూడు మతాల అమ్మాయిలు కలిసి దీపం వెలిగిస్తారు. తర్వాత అందరికీ ప్రసాదం. ఫ్లెక్సీ మీద వివేకానందుడి బొమ్మ, కింద 'అన్ని మతాల సారం ఒక్కటే' అని రాయిద్దామనుకున్నాం.

నా రూమ్మేట్ ముస్లిం. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం. అడక్కుండానే ఆమె పేరు లిస్టులో వేశాను. 'సభకు వస్తాను, దీపం మాత్రం వెలిగించను' అంది. క్రిస్టియన్ క్లాస్‌మేట్ ఒకమ్మాయి ప్రసాదం తిననని ముందే చెప్పింది. ఏటూరునాగారం నుంచి వచ్చిన కోయ అమ్మాయి 'మీ మూడు కుర్చీల్లో మా సమ్మక్క ఎక్కడ కూర్చుంటుంది?' అని అడిగింది. దేవుణ్ణి నమ్మని సీనియర్ ఒకతను 'నాకూ మైక్ ఇస్తారా?' అంటున్నాడు. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఒకరు 'కలిసి దీపం కూడా వెలిగించని వాళ్లతో ఐకమత్యం ఏంటి' అని పెట్టారు. ఆ గ్రూపులో నా రూమ్మేట్ కూడా ఉంది. నేనేమీ అనలేదు. అప్పటి నుంచి ఆమె నాతో మామూలుగానే మాట్లాడుతోంది గానీ మెస్‌కి మాత్రం విడిగా వెళ్తోంది. ఇంట్లో నాన్న 'చదువుకోమని పంపితే ఇవన్నీ నీకెందుకు' అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ప్రోగ్రాం మానేయాలా?
ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: బిడ్డా, మానేయొద్దు. కానీ ఇప్పుడు అనుకున్నట్టుగా మాత్రం చేయొద్దు.

ముందు సభ వేళ చూడు. శుక్రవారం పన్నెండు నుంచి రెండు అంటే సరిగ్గా జుమా నమాజు సమయం. ఆ పూట మసీదులో ఉండాల్సిన మౌలానాను మీ వేదిక మీదికి పిలుస్తున్నారు. మీ క్లాసులోని ముస్లిం అబ్బాయిలు సభకు రావాలంటే నమాజు మానుకోవాలి. మీకు చెడు ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. ఆ వేళ సంగతి తెలిసిన మనిషి మీ కమిటీలో లేరు, అంతే. నీ రూమ్మేట్‌ను దీపం వెలిగించడానికి పిలిచారు గానీ టైమ్ పెట్టేటప్పుడు పిలవలేదు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు అన్నిటికంటే ముందు తట్టింది ఇదే. ఆమె దీపం వద్దనడం తర్వాతి సంగతి.

ఇక ఆ వద్దనడం గురించి. కార్తీకం వచ్చిందంటే మీ క్యాంపస్‌లో కొందరు అబ్బాయిలు అయ్యప్ప మాల వేసుకుంటారు కదా. 41 రోజులు నల్లబట్టలు, చన్నీటి స్నానం, కాళ్లకు చెప్పులుండవు, పడక నేల మీద. కొందరు మెస్ అన్నం ముట్టరు, వేరే వండుకుంటారు. నిన్నటిదాకా 'అరేయ్' అన్న దోస్తులే ఆ రోజు నుంచి 'స్వామీ' అని పిలుస్తారు. ఆ స్వామి బర్త్‌డే పార్టీకి రానంటే ఎవరూ అలగరు. కేక్ తినకపోతే 'మాతో ఐకమత్యం లేదా' అని ఎవరూ గ్రూపులో పెట్టరు. పైగా ఆయన కోసం ఉల్లిపాయ లేని కూర పక్కకు తీసిపెట్టే మెస్ వాళ్లను నేను చూశాను. అంటే 'నేనిది తినను, ఇది చేయను' అనే మాటను గౌరవించడం మనకు తెలుసు. మనింటి మనిషి అంటే నిష్ఠ అంటాం. అదే మాట పక్కింటి మనిషి అంటే మొండితనంలా వినిపిస్తుంది. నీ రూమ్మేట్‌కు ఆ స్వామికి ఇచ్చినంత చోటు ఇవ్వు, చాలు.

ఆమె ఎందుకు వద్దందో కూడా కొంచెం తెలుసుకో. ఆరాధన అల్లాహ్‌కు తప్ప ఇంకెవరికీ చెల్లదన్నది ఇస్లాంలో మొదటి మాట. దేవత ఫోటో ముందు దీపం పెట్టడం నీకు సభ మొదలుపెట్టే పద్ధతి. ఆమె కళ్లకు అది పూజ. ఇందులో ముస్లింలందరిదీ ఒకే అభిప్రాయం కాదు. మర్యాద కోసం జ్యోతి వెలిగించేవాళ్లూ ఉన్నారు, దూరంగా నిలబడేవాళ్లూ ఉన్నారు. ప్రసాదం సంగతీ అంతే. విగ్రహాలకు పెట్టిన ఆహారం తినొచ్చా అన్న ప్రశ్న క్రైస్తవులకు మొదటి శతాబ్దంలోనే వచ్చింది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయం మొత్తం దాని మీదే. తిన్నంత మాత్రాన పోయేదేమీ లేదంటూనే, తోటివాడి మనసు నొచ్చుకునేట్టయితే తినవద్దంటాడు ఆయన. ఆ చర్చ ఇప్పటికీ ఇళ్లల్లో నడుస్తూనే ఉంది. నీ క్లాస్‌మేట్ నీ మీద కోపంతో కొత్తగా కనిపెట్టిన నియమం కాదది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు, నువ్వు చేయకు. మన ఉత్తర తెలంగాణలో కలిసి బతికిన గుర్తులు చాలా ఉన్నాయి. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది, కోడె మొక్కు చెల్లించినవాళ్లు అక్కడా దండం పెట్టుకుంటారు. కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు పోతారు. పరకాల దగ్గర మా ఊళ్లో పీర్ల పండుగకు పీరీలు లేపేది ముస్లింలైతే, గుండం చుట్టూ ఆడేది ఊరంతా. మా అమ్మ మలీద ముద్దలు చేసి పంపేది. అవన్నీ తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ జ్ఞాపకాన్ని కొలతబద్దగా పట్టుకుని 'మా ఊళ్లో సాయబులే బోనాలకు వస్తారు, నీకేమైంది' అని ఆ పిల్లను అడగకూడదు. పీర్ల పండుగ తమ మతంలో లేదనే ముస్లింలు ఉన్నారు, దర్గాకు పోనివాళ్లూ ఉన్నారు. ఏ ముస్లిం సరైన ముస్లిమో తేల్చే పని మనది కాదు.

నేనొకసారి ఈ తప్పు చేశాను. ఓ మహిళా కాలేజీలో పాఠం చెబుతూ హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్న రోజులవి. బతుకమ్మ సాయంత్రం కుంకుమ భరిణె పట్టుకుని గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి పిల్లకూ బొట్టు పెట్టాను. ఎంతో ప్రేమగానే పెట్టాను. ఫస్టియర్‌లో ఒక క్రిస్టియన్ అమ్మాయి నా ముందుకు వచ్చి తల వంచుకుని నిలబడింది. ఆమెకూ పెట్టాను. కాసేపటికి నీళ్ల కోసం నల్లాల దగ్గరికి వెళ్తే ఆ పిల్ల సబ్బుతో నుదురు కడుక్కుంటోంది. చున్నీ అంతా తడిసింది. నన్ను చూసి బెదిరిపోయి 'సారీ మేడమ్' అంది. తప్పు నాది, సారీ ఆమె చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కూర్చోబెట్టి అడిగితే 'బతుకమ్మ ఆడడం నాకిష్టమే మేడమ్, పువ్వులు కూడా నేనే తెంపుకొచ్చాను. బొట్టు ఒక్కటే...' అని ఆగిపోయింది. మరుసటి ఏడాది నుంచి భరిణెను గేటు పక్కన స్టూల్ మీద పెట్టాం. ఇష్టమున్నవాళ్లు తామే పెట్టుకుని లోపలికి వచ్చారు. బతుకమ్మ ఆడేవాళ్లు తగ్గలేదు. ఆ అమ్మాయి మూడేళ్లూ ఆడింది.

అందుకే చెబుతున్నాను. గౌరవంగా నిలబడడం వేరు, పాల్గొనడం వేరు. మన సుప్రీంకోర్టు కూడా 1986లో ఈ మాటే చెప్పింది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడుతుంటే లేచి నిలబడేవాళ్లు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. ఆ తీసేయడం చెల్లదని తీర్పు రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుందనీ, మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తుందనీ, దాన్ని పలుచన చేయవద్దనీ ఆ తీర్పు చివర ఉంటుంది. జాతీయగీతానికే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు డిపార్ట్‌మెంట్ దీపానికి ఎంత ఉండాలి?

మీ ఫ్లెక్సీ దగ్గరికి వస్తాను. 'అన్ని మతాల సారం ఒక్కటే' అన్న మాట నీకు అందరినీ కలిపే మాటగా తోచింది. నిజానికి అది కూడా ఒక నమ్మకమే. మన ఇళ్లల్లో పెద్దలు చెబుతారు కాబట్టి మనకు అలవాటైంది. తన మతం వేరు, దాని దారి వేరు అని మనస్ఫూర్తిగా నమ్మే మనిషిని ఆ ఫ్లెక్సీ కింద కూర్చోబెడితే, నీ నమ్మకంలో ప్రత్యేకత ఏమీ లేదని ఆమెతోనే ఒప్పించినట్టు అవుతుంది. వివేకానందుడి బొమ్మ వేస్తామన్నారు, సంతోషం. 1893 సెప్టెంబరులో షికాగో సర్వమత మహాసభ 11న మొదలై 27న ముగిసింది. మొదటి రోజు 'సోదర సోదరీమణులారా' అన్న పిలుపు అందరికీ తెలుసు. చివరి రోజు ఆయన అన్నది తక్కువమందికి తెలుసు. క్రైస్తవుడు హిందువో బౌద్ధుడో కావాల్సిన పని లేదు, హిందువో బౌద్ధుడో క్రైస్తవుడు కావాల్సిన పని లేదు. ఒక్కొక్కరూ ఇతరుల్లోని మంచిని తమలో కలుపుకుంటూనే తమ ప్రత్యేకతను నిలుపుకోవాలి అన్నారు. ఫ్లెక్సీ మీద మాట వేయాలనుకుంటే ఇది వెయ్యండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ హాస్టల్ నుంచి ఆటోలో వెయ్యి స్తంభాల గుడికి వెళ్లు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. శైవులు, వైష్ణవులు, జైనులు ఒకరితో ఒకరు గట్టిగా వాదించుకున్న కాలం అది. కట్టినవాళ్లు ముగ్గురు దేవుళ్లనూ ఒకే గదిలో పెట్టలేదు. ఎవరి గర్భాలయం వారిది, ఎవరి గడప వారిది. మధ్యలో రంగమంటపం మాత్రం ఒక్కటే, మూడు గుమ్మాలూ దాంట్లోకే తెరుచుకుంటాయి. మీ సెమినార్ హాల్ ఆ రంగమంటపం కావాలి. మీరేమో దాన్నే గర్భాలయం చేసి అందరినీ ఒకే పూజకు రమ్మన్నారు.

కోయ అమ్మాయి ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఆమె అడిగింది ఇంకో కుర్చీ వేయమని కాదు. మేడారంలో విగ్రహం ఉండదు, గోపురం ఉండదు. గద్దెలు ఉంటాయి. సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది, తెచ్చేది కోయ పూజారులు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి ఆ అడవిలో ఎంత జనం నిండుతారో నీకు తెలియంది కాదు. మనమంతా నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకం వేయించుకుని వస్తాం. జనగణన మాత్రం పేరు పెట్టి చెప్పేది ఆరు మతాలను, మిగతావన్నీ 'ఇతరులు'. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన గోండు పిల్లలను అడిగితే కేస్లాపూర్ నాగోబా గురించి చెబుతారు. అంబేడ్కర్ దారిలో బౌద్ధం తీసుకున్న ఇళ్ల పిల్లలూ మీ హాస్టల్లో ఉండే ఉంటారు. ముగ్గురు పెద్దమనుషులు, మూడు శాలువాలు అనే లెక్క పెట్టుకున్నప్పుడే వీళ్లంతా బయట మిగిలిపోయారు. ఆ ముగ్గురూ మగవాళ్లే అన్న సంగతి కూడా చూడు. ఇక మీ సీనియర్‌కు మైక్ తప్పకుండా ఇవ్వండి. రాజ్యాంగం 25వ అధికరణలో మత స్వేచ్ఛ కంటే ముందు రాసి ఉన్నది అంతరాత్మ స్వేచ్ఛ. నమ్మనివాడికీ అది ఉంది. అతనికి పెట్టాల్సిన షరతు అందరికీ పెట్టేదే: నీ సంగతి చెప్పు, పక్కవాడి నమ్మకాన్ని వెక్కిరించకు.

ఏం చేయాలో చెబుతాను. వేదిక తీసేయండి, కుర్చీలు గుండ్రంగా వేయండి. పెద్దలను పిలిస్తే వినేవాళ్లుగా పిలవండి. మాట్లాడేది విద్యార్థులు. 'మీ మతం ఏం చెబుతుంది?' అని మాత్రం అడగకండి. ఇరవై రెండేళ్ల పిల్ల పద్నాలుగు వందల ఏళ్ల మతానికి వకీలులా నిలబడి జవాబు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. 'పండగ రోజు పొద్దున మీ ఇంట్లో ముందు ఎవరు లేస్తారు, ఏం చేస్తారు?' అని అడగండి. ఒకరు రంజాన్‌లో తెల్లవారకముందే సహరీ భోజనానికి లేపే నానమ్మ గురించి చెబుతారు, ఒకరు క్రిస్మస్ ముందు రాత్రుళ్లు పాటలు పాడుతూ ఇంటింటికీ తిరగడం గురించి, ఒకరు ఎంగిలిపూల నాడు తంగేడు కోసం తిరిగిన గట్ల గురించి. ఒక్కొక్కరికి అయిదారు నిమిషాలు. మాట్లాడనంటే బలవంతం లేదు. దీపం లేకుండా మొదలుపెట్టండి. సరస్వతి ఫోటోకు మొక్కుకోవాలనిపించినవాళ్లు ముందే మొక్కుకుని రావచ్చు.

తిండి మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టు. సగం గొడవలు అక్కడే పుడతాయి, సగం స్నేహాలు కూడా. నైవేద్యం పెట్టని వంట, శాకాహారం అయితే ఎక్కువమందికి కుదురుతుంది. సర్వపిండి, మక్క గుడాలు, సకినాలు, చాయ్ పెట్టండి. దేంట్లో ఏముందో చీటీ రాసి ముందు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు ఎవరినీ అడక్కుండానే చూసి తెలుసుకునే వీలుంటుంది. ప్రసాదం పంచాలని ఉంటే అది విడిగా ఒక బల్ల మీద ఉంచండి, మా స్టూల్ మీది భరిణెలాగా. ఇక తేదీ. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున వదిలేయండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి క్యాలెండర్ చూసుకోండి. ఉపవాసాలున్న రోజుల్లోనే పెట్టాల్సి వస్తే ఇఫ్తార్ వేళ కనుక్కుని దానికి ముందే ముగించండి. ఫిబ్రవరి మొదటి వారాన్ని ఐక్యరాజ్యసమితి 2010లో సర్వమత సామరస్య వారంగా ప్రకటించింది, పరీక్షలు అడ్డు లేకపోతే అది కూడా ఆలోచించండి.

వీలైతే ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఒక బస్సు మాట్లాడుకోండి. వెయ్యి స్తంభాల గుడి, అక్కడి నుంచి పద్మాక్షి గుట్ట, తర్వాత ఫాతిమానగర్ కెథడ్రల్, చివరికి కాజీపేట దర్గా. అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. పద్మాక్షి గుట్ట మీద జైన తీర్థంకరుల శిల్పాలు ఉన్నాయి, ఇప్పుడు అక్కడ పూజలు అమ్మవారికి. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కిందే మనం బతుకమ్మలు వేస్తాం. ఒకే బండ మీద ఎన్ని కాలాలు కూర్చున్నాయో పిల్లలు కళ్లారా చూస్తారు. లోపలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు బయట చాయ్ తాగుతూ కూర్చుంటారు, ఎందుకు రాలేదని ఎవరూ అడగకూడదు. బస్సు ఎక్కేముందే ఈ మాట అందరికీ చెప్పు.

అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకో. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. ఎవరినీ వాళ్ల ఇష్టం లేకుండా ప్రార్థనకు కూర్చోబెట్టకూడదని కూడా అందులోనే ఉంది. మతాల గురించి తెలుసుకోవడానికి అడ్డు లేదు, 2002లో సుప్రీంకోర్టు ఆ తేడా చెప్పింది. లేఖలో 'ఇది మతాల గురించి తెలుసుకునే కార్యక్రమం, ఎవరూ ఏ ఆచారంలోనూ పాల్గొనాల్సిన అవసరం లేదు' అని రాయండి. బయటి సంఘాలను పిలవకండి. ఒక లెక్చరర్ మొదటి నుంచి చివరిదాకా హాల్లో ఉండాలి. వీడియోలు తీయొద్దని ముందే చెప్పండి. అయిదు నిమిషాల మాటలో పది సెకన్లు కత్తిరించి ఊరంతా తిప్పే రోజులివి, రేపు ఇబ్బంది పడేది మాట్లాడిన పిల్ల.

మీ నాన్నది భయం బిడ్డా, కోపం కాదు. ఆడపిల్ల గొడవల్లో ఇరుక్కుంటుందేమో అని. ఆ అనుమతి లేఖ చూపించు, ఏ రోజు, ఎంతసేపు, ఎవరుంటారు అన్నీ చెప్పు. రేపు నువ్వు ఉద్యోగానికో పై చదువుకో ఎక్కడికి పోయినా పక్క సీట్లో ఎవరుంటారో తెలియదని చెప్పు. అమెరికాలో ఎంఐటీలో 1955లో కట్టిన గుండ్రటి ఇటుకల ప్రార్థనా మందిరం ఉంది. అది ఏ ఒక్క మతానిదీ కాదు, అందరూ వాడుకునేది. మన ఊళ్ల పిల్లలు అలాంటి క్యాంపస్‌లకు వెళ్లి దీపావళి చేసుకుంటే ఇక్కడ మనం ఎంత మురిసిపోతామో ఆయనకూ తెలుసు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆయనను సభకే రమ్మను, కూర్చుని వింటాడు.

చివరగా, నిన్ను కొంచెం గట్టిగా అనాల్సిన మాట ఒకటుంది. నీ రూమ్మేట్‌ను బాధ పెట్టింది దీపం కాదనుకుంటాను. గ్రూపులో ఆ మాట పడ్డప్పుడు నువ్వు చూసి ఊరుకున్నావు. ఆమె అది గమనించింది. ఆమె తరఫున ఒక్కరూ మాట్లాడని చోట మన సభకు రమ్మంటే ఏ మొహంతో వస్తుంది? ఇవాళే ఆ గ్రూపులో రాయి. 'ఆమె సభకు రాననలేదు. దీపం వెలిగించనంది, అంతే. అడక్కుండా పేరు వేసింది నేను, పొరపాటు నాది' అని రాస్తే చాలు. ఆ మెసేజ్ పెట్టినవాళ్లను తిట్టకు, వాళ్లూ మీ క్లాసువాళ్లే.

తర్వాత గదిలో ఆమెకు వివరణలు ఇస్తూ కూర్చోకు. రాత్రి మెస్‌కు ఆమె ప్లేటు తీసుకునేదాకా ఆగు, నీ ప్లేటు పట్టుకుని ఆమెతో పాటు నడువు. సభ సంగతి ఆ పూట నువ్వు ఎత్తకు. ఆమే ఎత్తితే, ఏ రోజు పెడితే బాగుంటుందో ఆమెనే అడుగు.